ఠాణాను లెక్క యడుగువా రెవ్వరు?

వాడరేవున ఆదివారము సాయంకాలము ఒక గడియ నిలిచి చూచినవారికి పోలీసుశాఖ యొక్క అవసరమును, దాని దైన్యమును ఒక్కసారి గోచరించును. చీరాల నుండి ఆటోలు, చిలకలూరిపేట, నరసరావుపేటల నుండి కార్లు, గుంటూరు నుండి మోటారుసైకిళ్ళు వరుసగా వచ్చి దిగుచుండును. పిడుగురాళ్ల వరకు పోవు 167ఏ జాతీయ రహదారి బాగుపడిన కొలదియు పల్నాటి జనమునకు సముద్రము మరింత దగ్గర యగుచున్నది. జనము వేలలో నుండగా వారిని లోతు నుండి వెనుకకు పిలుచు కానిస్టేబుళ్ళు, మేము పోయిన దినమున, వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమంది. ఒకరి నోట ఈల, ఒకరి చేత లాఠీ. కెరటమునకు రెండును తెలియవు. ఎవరైన మునిగినప్పుడు ముందుగా నీటిలోనికి దుముకువాడు గట్టున వల బాగుచేసికొనుచున్న మత్స్యకారుడు. ఆ పనికి అతనికి జీతము లేదు, పత్రికలో పేరైన రాదు. 2024 జూనులో చేరువనున్న రామాపురము తీరమున నలుగురు యువకులు ఒక్కనాడే కెరటముల పాలైరి. పిమ్మట అధికారులు చేయగలిగినది ఈ తీరమునకు జనుల రాకను కొంతకాలము ఆపివేయుట. కాపలాకు మనుష్యులు చాలనప్పుడు తలుపు మూయుట కంటె వేరు ఉపాయము తోచదు కాబోలు.

అదే శాఖ, అదే చీరాల, అంతకు నాలుగేండ్ల వెనుకటి మాట. 2020 జూలైలో, కరోనా దినములయందు, మాస్కు ధరింపలేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు గాయమై, కొన్ని దినములకు గుంటూరు ఆసుపత్రిలో మరణించెను. కొట్టిరని కుటుంబమువారు చెప్పిరి. జీపు నుండి తానే దుమికెనని పోలీసులు చెప్పిరి. ప్రభుత్వము పదిలక్షల రూపాయల సహాయమును ప్రకటించి విచారణకు ఆజ్ఞాపించెను. నిజమేదియో మేము తీర్పు చెప్పబోము. అది మా పని గాదు. కాని ఆనాడు చీరాల వీథులలో ప్రతివాని నోటను వినబడిన ప్రశ్న యొక్కటి కలదు. పోలీసువారిపై వచ్చిన ఆరోపణను పోలీసువారే విచారించిన యెడల, అది సత్యముగా నిర్దోషిని విడుదల చేసినను ఎవరు నమ్ముదురు? నిర్దోషియైన అధికారికి సయితము ఆ విచారణ వలన కళంకము పోదు గదా!

ఈ రెండు దృశ్యములను లోకులు వేర్వేరుగా చూచుచున్నారు. పోలీసులకు మనుష్యులను, వాహనములను, డబ్బును ఇయ్యుడని ఒక పక్షము. వారి చేతులకు కట్టుబాటు కావలెనని మరియొక పక్షము. మా దృష్టిలో ఇవి రెండును ఒకే బిడ్డ యొక్క రెండు రోగములు. పదునారు గంటలు నిలువుకాళ్ళపై నున్న మనుష్యుని నుండి ఓర్పును కోరుట ఎంత అసంగతమో, లెక్క చెప్పనక్కరలేని శాఖకు ధనము పోయుట అంత ప్రమాదము.

ఈ శాఖ పుట్టుక నెరిగినవారికి దీని నడక ఆశ్చర్యము గొలుపదు. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారన్న గోల లండను వరకు ముట్టగా, 1855లో ఒక విచారణ సంఘము కూర్చుండి ఆ హింస నిజమేయని వ్రాసెను. అంతట రెవెన్యూ ఉద్యోగుల చేతి నుండి పోలీసు అధికారమును వేరుచేసి ప్రత్యేక శాఖగా నిలుపుటకు 1859లో శాసనమైనది. ఆంధ్ర జిల్లాల పోలీసు నిర్మాణమునకు నేటికిని ఆ శాసనమే పునాది. దేశమున తక్కిన భాగములకు 1861లో మరియొక శాసనము వచ్చెను. ఇందొక విశేషము గలదు. ఆంగ్లేయుడు తన దేశమున 1835 నాటి పురపాలక శాసనముచే పట్టణమునకొక కాపలా సంఘమును కౌన్సిలు సభ్యులతో నేర్పరచి, కానిస్టేబులును నియమించుటకును తొలగించుటకును దానికే అధికార మిచ్చియుండెను. మనకు మాత్రము ఐర్లండును అణచియుంచుటకు కల్పించిన నమూనాను తెచ్చెను. ఇంటివానికి కాపలావాడు, అద్దె యింటివానికి జైలరు! 1861 నాటి శాసనమున, ఊరిపై కోపము వచ్చినచో అదనపు పోలీసును దింపి ఆ ఖర్చును ఆ యూరివారి నుండియే వసూలు చేయుటకు వీలుండెను. దెబ్బలు కొట్టువాని భత్యమును తిన్నవాడు చెల్లించుట అనగా నిదియే. 1902లో ఫ్రేజరు అధ్యక్షతన కూర్చున్న కమిషను, ప్రభుత్వము తానే నియమించినది, ఈ శాఖను జనులు లంచగొండిదిగను పీడించునదిగను తలంచుచున్నారని అంగీకరింపవలసి వచ్చెను.

ఈ తీరమునకు ఈ మాటలు క్రొత్తవి గావు. చీరాల పేరాలలను 1919లో పురపాలక సంఘముగా జేసి పన్నులు పెంచిన పిమ్మట, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట వేలాది జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. ఆ పాకల ఊరిలో క్రమమును కాపాడినవారు రామదండు వాలంటీర్లు. అదే సంవత్సరము మార్చి కడపట బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు విరుచుకుపడిన జనమును అదుపున నుంచినవారును వారే. వారికి సర్కారు జీతము లేదు, చట్టమిచ్చిన అధికారము లేదు. జనుల నమ్మక మొక్కటి కలదు. రామదండును మరల లేపి నేటి ఠాణాలను మూసివేయుదమని మేము చెప్పుట లేదు. ఫోనులో ఖాతా ఖాళీచేయు మోసగాడు భజనకు లొంగడు. చెప్పవచ్చిన దేమనగా, కాపలా కాయువాడు తమవాడన్న భావము కలిగినచోట బలప్రయోగము తగ్గునని ఈ చీరాల ప్రజలు ఒకప్పుడు కన్నులార చూచియున్నారు. తెనాలివారికి దీనికి విరుద్ధమైన జ్ఞాపకము గలదు. 1942 ఆగస్టు 12న రైలుస్టేషను యొద్ద జరిగిన కాల్పులలో ఏడుగురు నేలకొరిగిరి. రణరంగచౌకులోని ఏడు స్తూపములును ఆ ఏడుగురివి. ఆనాటి తుపాకి పరప్రభుత్వముది. పరప్రభుత్వము 1947లో పోయెను. ఠాణాలో కుర్చీల అమరిక మాత్రము అట్లే యున్నది. ఫిర్యాదు చేయవచ్చిన ముసలమ్మ ఇప్పటికిని నిలుచుండియే మాటలాడవలెను.

పోలీసు లేకయే గడుపగలమను మాట మావద్ద లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగు తుపాను బాపట్ల చేరువనే తీరము దాటినప్పుడు, ముందురాత్రి పల్లెకార్లను పాకల నుండి ఆశ్రయములకు చేర్చినవారిలో ఖాకీ చొక్కాలు కలవు. వారి యిండ్లును ఆ గాలిలోనే యుండెను. మన ప్రాచీనులు కాపలాను రాజు యొక్క దయగా గాక రాజు యొక్క ఋణముగా భావించిరి. ప్రజ సొత్తు దొంగలపాలై తిరిగి దొరకని పక్షమున రాజు తన ధనము నుండి ఇయ్యవలెనని కౌటిల్యుడు విధించెను. యాజ్ఞవల్క్యుని మతమును దాదాపు అదియే. పన్ను తీసికొనినవాడు రక్షణ యియ్యవలెను, ఇయ్యలేకపోయినచో లెక్క చెప్పవలెను. ఇంతకంటె స్పష్టముగా నేటి బడ్జెటు ప్రసంగమేదియు ఈ విషయమును చెప్పలేదు.

ఇక బలము మాట. 2020 నాటి కేంద్రపు లెక్కలను బట్టి దేశమున లక్ష జనమునకు మంజూరైన పోలీసులు సుమారు 195 మంది; ఉన్నవారు సుమారు 155 మంది. ఉన్నవారిలో ప్రముఖుల వెంట తిరుగువారిని, కోర్టుకు పోవువారిని, బందోబస్తుకు పోవువారిని తీసివేయగా ఠాణాలో మిగులువారెందరో పాఠకులే ఊహింపవచ్చును. మన రాష్ట్రమున 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు 2022 నవంబరులో ప్రకటన వెలువడెను. తుది ఫలితములు వచ్చినది 2025 ఆగస్టులో. రమారమి మూడేండ్లు! ఆ మూడేండ్లలో పదవీ విరమణలు ఆగలేదు, పండుగలు ఆగలేదు, ఎన్నికలు ఆగలేదు. పరీక్ష వ్రాసిన పిల్లవాడు తండ్రి పొలమున కూలిపని చేయుచు ఎదురుచూచెను. పోస్టు ఖాళీగనే యుండెను.

హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీవారు 2014లో దేశమునందలి ఠాణాలను గూర్చి ప్రకటించిన పరిశోధన మాకు మిక్కిలి విచారము గలిగించినది. ఠాణా సిబ్బందిలో నూటికి దాదాపు 90 మంది రోజునకు ఎనిమిది గంటలకు మించి పనిచేయుచున్నారట. ఠాణా అధికారులలో నూటికి 68 మంది, తమ సిబ్బంది పదునొకండు గంటలో అంతకు మించియో పనిపై నుండవలసి వచ్చుచున్నదని చెప్పిరట. వారపు సెలవు నెలకొక్కటియైన దొరకనివారే యెక్కువమంది. 2019లో మన రాష్ట్రమున పోలీసులకు వారపు సెలవు ప్రకటించినప్పుడు మేము సంతోషించితిమి. కరోనా వచ్చిన పిమ్మట ఆ సంతోషము నిలువలేదు. బీచి కాపలాకు వచ్చిన హోంగార్డు దినసరి భత్యముపై బ్రతుకువాడు. అతనికి ఈత వచ్చునా యని అడిగినవారెవ్వరు? ఈత వచ్చిన పల్లెవానికి ఆ దినభత్యమును ఇయ్యవచ్చునని తోచినవారెవ్వరు?

ఖజానా ఇయ్యనప్పుడు ఠాణా ఏమి చేయును? దాతలను వెదకును. ఇది మన పట్టణములన్నిటను మర్యాదగా సాగుచున్న వ్యవహారము. ఒక వ్యాపారి కూడలిలో కెమేరాలు పెట్టించును. ఒక సంఘము బారికేడ్లు చేయించి వాటిపై తన పేరు వ్రాయించును. మరియొకరు ఠాణాకు కుర్చీలు, చల్లని నీటి యంత్రము ఇచ్చి ఫొటో తీయించుకొందురు. దాత సదుద్దేశమును మేము శంకింపము. కాని ఆ దాతపైననే రేపు ఒక కూలివాడు ఫిర్యాదు పట్టుకొని వచ్చినప్పుడు, దాత యిచ్చిన కుర్చీపై కూర్చుండి దానిని వ్రాసికొను ఉద్యోగి మనస్సు ఎట్లుండును? పూర్వము ఊరిపై అదనపు పోలీసును రుద్ది ఖర్చు వసూలు చేసిరి; అది దౌర్జన్యము. ఇప్పుడు ఊరిలో కలవాడు తన ఇష్టముతో ఖర్చు పెట్టుచున్నాడు. ఇది మర్యాద గలది గావున మరింత అపాయకరము. బీదవాని పన్ను మాత్రము ఎప్పటివలెనే పోవుచున్నది; అతని పేరు ఏ బారికేడుపైనను లేదు. ఠాణాకు కావలసిన డీజిలును, కాగితమును, కెమేరాను ఖజానాయే ఇయ్యవలెను. దానము తప్పనిసరియైనచో అది జిల్లా నిధికి పోవలెను గాని ఒక ఠాణాకు పోరాదు. దాత పేరును మొత్తమును అందరును చూచునట్లు ప్రకటింపబడవలెను.

బలము చాలకుండుటకు మూల్యము చెల్లించువారెవరో రేపల్లె మనకు చూపినది. 2022 మే నెల మొదటి దినపు తెల్లవారుజామున రేపల్లె రైలుస్టేషనులో, పనికై కృష్ణాజిల్లాకు పోవుచు పిల్లలతో ప్లాట్‌ఫారముపై నిద్రించిన ఒక వలసకూలి స్త్రీపై జరిగిన ఘోరము మరచిపోవచ్చునదా? స్టేషనులో పిలిచినచో పలుకువారు లేక, దెబ్బలు తిన్న భర్త ఊరి ఠాణాకు పరుగెత్తవలసి వచ్చెను. ఠాణావారు వెంటనే కదలిరి. నిందితులు త్వరలోనే పట్టుబడిరి. కాని రైల్వే హద్దు ఒకరిది, ఊరి హద్దు ఒకరిది యైనప్పుడు రాత్రి రెండు గంటలవేళ ప్లాట్‌ఫారము ఎవ్వరిదియు గాలేదు. సముద్రతీరమునను ఇదే తంతు. నీటిలో పోవు పడవ మెరైను పోలీసుది. ఇసుక చీరాల పోలీసుది. బీచిలోని దుకాణము పంచాయతీది. వల యొక్క కన్ను మత్స్యశాఖది. 2020 డిసెంబరులో వాడరేవు, కఠారిపాలెము మత్స్యకారుల నడుమ వలకన్నుల పరిమాణమును గూర్చిన తగవు కొట్లాటయై పలువురు గాయపడిరి. నెలల ముందుగా మత్స్యశాఖ కూర్చుండి తేల్చవలసిన విషయము కడకు లాఠీల యొద్దకు వచ్చెను. తక్కిన శాఖలన్నియు చేయక విడిచిన పని పోలీసు యొద్దకు చేరుట మన దేశమున నిత్యకృత్యము. కడుపు తగవులకు కాపలా మందు గాదు.

పర్యవేక్షణ మాటకు వత్తము. ధర్మవీర అధ్యక్షతన 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను 1981 వరకు ఎనిమిది నివేదికలు వ్రాసెను. అవి బీరువాలలో నిద్రించుచుండగా, విశ్రాంత పోలీసు అధికారి ప్రకాశ్ సింగుగారు తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశములను ఇచ్చెను. వాటిలో మనకు మిక్కిలి దగ్గరది పోలీసు ఫిర్యాదుల అధికార సంస్థ. రాష్ట్రమున నొకటి, జిల్లాకొకటి. జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడు. డిప్యూటీ సూపరింటెండెంటు వరకు గల ఉద్యోగులపై ఫిర్యాదులను అది వినవలెను. దాని సిఫారసు శాఖను బంధించవలెను. ఇరువదేండ్లు గడచుచున్నవి. మన రాష్ట్రమున 2021లో రాష్ట్ర సంస్థకు ఒక విశ్రాంత న్యాయమూర్తిని నియమించగా, వయోనియమము అడ్డమని హైకోర్టు ఆ నియామకమును నిలిపెను. ఇట్టి సంస్థ యొకటి ఉండవలెనని వాడరేవున మేము అడిగిన పెద్దలలో ఒక్కరికిని తెలియదు. తమ ఫిర్యాదు తీసికొననప్పుడు ఎవరియొద్దకు పోవుదురని అడిగితిమి. ఒకరు ఎమ్మెల్యేగారి పేరు చెప్పిరి. ఒకరు సముద్రము వైపు చూచి నవ్విరి.

ఆ మొదటి జవాబు మమ్ము కలవరపెట్టినది. ప్రజల పర్యవేక్షణ అనగానే మన దేశమున పార్టీవారి పర్యవేక్షణ యని అర్థము చేసికొనుట అలవాటైనది. ఏ సబిన్‌స్పెక్టరు ఏ స్టేషనులో నుండవలెనో నాయకుని ఉత్తరము నిర్ణయించుట, ఆ నాయకుడు మారగానే ఆయనతో పాటు ఆ సబిన్‌స్పెక్టరు పోవుట, ఇది ఏ యొక్క పార్టీ పాపమో గాదు. అందువలననే సుప్రీముకోర్టు స్టేషను అధికారికి రెండేండ్ల నిలకడ కావలెనన్నది. కావున పర్యవేక్షించువారు ఎవరిని పట్టుకొనవలెను, ఎవరిని విడువవలెను అను మాటలో వ్రేలు పెట్టరాదు. ఎన్ని ఫిర్యాదులు వచ్చెను, ఎన్నిటికి ఎఫ్.ఐ.ఆర్. వ్రాసిరి, ఎన్ని దినములకు వ్రాసిరి, నిర్బంధములో ఎవరికైన గాయమాయెనా, రాత్రి కాపలాకు ఎందరు మిగిలిరి, జీపుకు డీజిలు ఎన్ని దినములు లేదు అని మాత్రమే అడుగవలెను. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుటలో ఏ దర్యాప్తును చెడదు.

కొందరు మిత్రులు మైత్రీ సంఘములు కలవు గదా యందురు. ఉమ్మడి రాష్ట్రమున 2000 ప్రాంతమున ఆ పేరుతో మంచి యుద్దేశమున ఆరంభమైన పని అది. పోలీసుకు సహాయపడు సంఘము వేరు, పోలీసును అడుగు సంఘము వేరు. తమిళనాట 1993లో రామనాథపురమున మొదలైన పోలీసు మిత్రుల సంఘము చాల కీర్తి గన్నది. 2020 జూనులో సాత్తాన్‌కుళము ఠాణాలో తండ్రీకొడుకులను హింసించినందున వారు మరణించిన పిమ్మట, ఆ మిత్రులపైనను ఆరోపణలు రాగా, మరుసటి నెలలోనే ప్రభుత్వము ఆ సంఘమును నిషేధించెను. చీరాల మరణమును ఆ నెలలోనిదే. లాఠీకి మిత్రుడైనవాడు లాఠీని లెక్క యడుగలేడు. మరొక అంచున, అమెరికాలోని మిన్నియాపోలిసు నగరమున 2020 మేలో పోలీసు మోకాలి క్రింద ఒక నల్లజాతి పౌరుడు ప్రాణము విడువగా లోకమంతయు లేచెను. ఆ నగరపు పోలీసుశాఖనే తీసివేసి వేరు శాఖ పెట్టవలెనని 2021 నవంబరులో ఓటునకు పెట్టగా, పౌరులు వలదనిరి. కోపముండియు వలదనిరి. వారికి పోలీసు కావలెను. తమకు జవాబు చెప్పు పోలీసు కావలెను. వాడరేవు పల్లెకారు తల్లి కోరునదియు అదియే యని మా నమ్మకము.

దీనికంతటికి క్రొత్త శాసనము వచ్చు వరకు కూర్చుండ నక్కరలేదు. ఉన్నవాటినే తెరచి చూడవలెను. 2020 డిసెంబరు 2న సుప్రీముకోర్టు ప్రతి ఠాణాలోను, లాకప్పు మొదలుకొని వాకిలి వరకు, మాట సయితము వినబడు కెమేరాలు పెట్టవలెనని తీర్పు చెప్పెను. వాటిని కనిపెట్టుటకు జిల్లాకొక సంఘము ఏర్పరుపుమనెను. అందు జిల్లా మేజిస్ట్రేటు, పోలీసు సూపరింటెండెంటులతో పాటు పట్టణపు మేయరో, గ్రామీణప్రాంతమునకు జిల్లా పరిషత్తు పెద్దయో సభ్యుడుగా నుండవలెను. ప్రజలెన్నుకొన్నవానికి ఠాణా లోపలికి చూచు హక్కును ఈ దేశమున ఒక న్యాయస్థానము ఇచ్చిన అరుదైన సందర్భమిది. బాపట్ల జిల్లా 2022 ఏప్రిలు 4న ఏర్పడెను. ఈ సంఘము ఇక్కడ ఎన్ని పర్యాయములు కూడెనో, ఏయే ఠాణాలో ఎన్ని కెమేరాలు చెడియున్నవని కనుగొనెనో కలెక్టరుగారు ప్రకటింపవలెనని కోరుచున్నాము. జిల్లా ఫిర్యాదుల సంస్థకు విశ్రాంత జడ్జిని నియమింపుమని చీరాల, బాపట్ల, రేపల్లె పురపాలక సంఘములును, వాడరేవు పంచాయతీయును తీర్మానము చేసి పంపవలెను. తీర్మానమునకు ఖర్చు కాగితము వెల. తీరపు కాపలాకు ఈతగాండ్రయిన పల్లెవారిని వేతనముపై నియమించి, వారికి బీమా కట్టుమని ఆ తీర్మానముననే చేర్చవచ్చును.

మరియొక చిన్న విషయము. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహితయందు 37వ నిబంధన, ప్రతి ఠాణాలోను అరెస్టయినవారి పేరును, చిరునామాను, నేరపు స్వభావమును అందరికి కనబడునట్లు ప్రకటింపవలెనని చెప్పుచున్నది. మగడు రాత్రి ఇంటికి రానప్పుడు ఏ ఠాణాలో నున్నాడో తెలియక ఊరూర తిరుగు స్త్రీకి ఆ పలక ఎంత మేలో వేరు చెప్పనక్కరలేదు. దానికి పోలీసుబలము చాలదన్న సాకు చెల్లదు. ఒక పలక, ఒక సుద్దముక్క చాలును. వచ్చు నెల మొదటి వారమున మా విలేఖరి చీరాల నుండి రేపల్లె వరకు గల ఠాణాల వాకిళ్ళను చూచి వచ్చును. ఎక్కడ పలక కలదో, ఎక్కడ లేదో పేరుపేరున ఇచ్చోటనే ప్రకటింతుము.